నాకు పడని మందు, సుబ్బారావు గారి మందు

ఈ కథ ఒక మోకాలి దెబ్బతో మొదలైంది. పోయిన సెమిస్టర్‌లో ఇంటర్ బ్రాంచ్ క్రికెట్ మ్యాచ్‌లో బౌండరీ దగ్గర డైవ్ కొట్టా. బంతి దొరకలేదు, మోకాలు మాత్రం గీరుకుపోయింది. నీళ్లతో కడిగి వదిలేశా. మూడో రోజుకి దెబ్బ చుట్టూ ఎర్రగా వాచి చీము పట్టింది. రాత్రికి జ్వరం కూడా వచ్చింది. తెల్లారితే ల్యాబ్ ఇంటర్నల్.

మా రూమ్మేట్ చాలా మంచోడు. విజ్డమ్ టూత్ తీయించుకున్నప్పుడు వాడికి ఇచ్చిన మాత్రలు నాలుగు డ్రాయర్‌లో మిగిలిపోయాయి. ఇదీ యాంటీబయాటిక్కే కదా, వేసేసుకుంటే పొద్దున్నకల్లా తగ్గిపోతుందని చేతిలో పెట్టాడు. నేనూ వేసుకునేవాడినే, బాటిల్ మూత కూడా తీశా. సరిగ్గా అప్పుడే అమ్మ ఫోన్ చేసింది.

ఏం మాత్ర అని అడిగింది. ముందు వైపు పెద్ద అక్షరాల్లో ఉన్న బ్రాండ్ పేరు చదివా. అది కాదు, వెనకాల చిన్న అక్షరాల్లో ఏం రాసుందో చదవమంది. అమాక్సిసిలిన్ అండ్ పొటాషియం క్లావులనేట్ అని ఉంది. అటువైపు రెండు సెకన్లు ఏమీ వినపడలేదు. తర్వాత అమ్మ గొంతు మారిపోయింది. ముందు ఆ మాత్ర కింద పెట్టమంది.

నాకు ఏడేళ్లప్పుడు గొంతు నొప్పికి ఇచ్చిన గులాబీ రంగు సిరప్ తాగిన అరగంటలో ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయట. పెదాలు వాచాయట, ఊపిరాడలేదట. మామయ్య స్కూటర్ మీద ఆసుపత్రికి తీసుకెళ్తే ఇంజెక్షన్ చేసి రాత్రంతా ఉంచారట. నాకు ఆ గులాబీ రంగు తప్ప ఏమీ గుర్తులేదు. పెనిసిలిన్ జాతి మందులు ఈ అబ్బాయికి ఇవ్వకూడదని ఎర్ర ఇంకుతో రాసిన ఓపీ చీటీ మాత్రం బీరువాలో రేషన్ కార్డు పక్కన ఇప్పటికీ భద్రంగా ఉంది. ఆ చీటీ పన్నెండేళ్లుగా అమ్మ గుర్తుపెట్టుకుంది. నా బుర్రలో లేదు, నా ఫోన్‌లో లేదు, నా పర్సులో లేదు.

మర్నాడు డాక్టర్ దగ్గరికి వెళ్లి ఇదంతా చెప్పా. ఆయన చీము తీసి, కట్టు కట్టి, డాక్సీసైక్లిన్ రాశారు. ఇది టెట్రాసైక్లిన్ కుటుంబం, నీకు పడని దానితో దీనికి చుట్టరికం లేదు అన్నారు. రెండు రోజులకి జ్వరం తగ్గింది, వారానికి మోకాలు మామూలైంది.

ఏదైనా కొత్త లైబ్రరీ ఇన్‌స్టాల్ చేస్తే దాన్ని మొదట ఎవరు రాశారో చూడటం నాకు అలవాటు. ఈ మందుకీ అలాగే వెతికా. డాక్సీసైక్లిన్ 1960ల నాటిది. దాని కుటుంబంలో పెద్దది ఆరియోమైసిన్, 1948లో బయటికొచ్చింది. కనిపెట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో పెర్ల్ రివర్ అనే ఊళ్లోని లెడర్లీ ల్యాబొరేటరీస్. అక్కడ అప్పటి పరిశోధన విభాగం డైరెక్టర్ పేరు చదివి ఫోన్ దగ్గరికి లాక్కుని మళ్లీ చదివా. యల్లాప్రగడ సుబ్బారావు. పుట్టిన ఊరు భీమవరం.

భీమవరం మా ఊరి నుంచి బస్సులో గంట. పెళ్లి బట్టలకీ, సినిమాలకీ అక్కడికే వెళ్తాం. పన్నెండేళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివాను. న్యూటన్ తల మీద యాపిల్ పడిన కథ తెలుసు, ఈయన పేరు మాత్రం ఒక్కసారీ వినలేదు. అందుకే ఈ వ్యాసం. నాలాగే తెలియనివాళ్లు మన క్లబ్బులో ఇంకో పదిమందైనా ఉంటారని నా నమ్మకం.

ఆయన 1895 జనవరి 12న పుట్టారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి ఆరోగ్యం బాగోక ఉద్యోగం మానేయడంతో ఇల్లు గడవడమే కష్టంగా ఉండేది. పదమూడేళ్ల వయసులో కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని సుబ్బారావు ఇంట్లోంచి పారిపోయారు. తల్లి మధ్యలోనే పట్టుకుని వెనక్కి తెచ్చి మళ్లీ బడిలో వేసింది. ఆవిడ మొండితనం చూస్తే నాకు మా అమ్మే గుర్తొచ్చింది.

బడిలో ఆయన టాపర్ కాదు. మెట్రిక్యులేషన్ గట్టెక్కడానికి మూడుసార్లు రాయాల్సి వచ్చింది. చివరికి మద్రాసులో పాసయ్యారు. బ్యాక్‌లాగ్స్ ఉన్న మిత్రులు ఈ లైన్ స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. మధ్యలో రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యాసి అయిపోదామని కూడా అనుకున్నారు. 1919లో శేషగిరి గారితో పెళ్లయింది. చదువుకి మామగారు సాయం చేశారు.

మెడిసిన్ చదివేటప్పుడే గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టడం మొదలుపెట్టారు. ఆపరేషన్ థియేటర్‌లో వేసుకునే దుస్తులు కూడా ఖద్దరువే. సర్జరీ ప్రొఫెసర్‌గా ఉన్న ఇంగ్లీషాయనకి అది నచ్చలేదు. రాత పరీక్షలు బాగానే రాసినా ఎంబీబీఎస్ రాలేదు, దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతికొచ్చింది. ప్రభుత్వ వైద్య సర్వీసులో ఉద్యోగమూ దొరకలేదు. మద్రాసులోని ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పారు.

ఆ రోజుల్లోనే ఆ ఇంటి మీద పెద్ద దెబ్బ పడింది. అన్నదమ్ములిద్దరు కొద్దిరోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది, మనిషి చూస్తుండగానే చిక్కిపోతాడు. అప్పట్లో దానికి సరైన మందే లేదు. చదివింది వైద్యం, ఇంట్లోవాళ్లకి ఇద్దామంటే చేతిలో ఏమీ లేదు. నాకు అర్థమైనంతవరకు ఆయన మిగతా జీవితమంతా ఆ ఖాళీ చేతిని నింపుకోవడానికే ఖర్చయింది.

1920ల మొదట్లో కాకినాడకు చెందిన మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయంతో, మామగారు పోగుచేసిన డబ్బుతో ఓడెక్కి బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. డబ్బు చాలక రాత్రిళ్లు ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేసేవారు. ఆయన దూరంగా ఉండగా ఇక్కడ కొడుకు పుట్టి పసితనంలోనే పోయాడు. చదువు పూర్తి చేసి వచ్చేస్తాననే వెళ్లారు కానీ మళ్లీ ఈ దేశానికి రాలేదు. శేషగిరి గారు భర్తని మళ్లీ చూడలేదు. ఆయన గొప్పతనం గురించి రాసేటప్పుడు ఈ రెండు వాక్యాలు దాటేయడం నాకు న్యాయం అనిపించలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో కొలిచే పద్ధతి తయారుచేశారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో ఇప్పటికీ బయోకెమిస్ట్రీ విద్యార్థులకి తెలుసు. అదే పనిలో కండరాల్లో ఉండే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో ఏటీపీ దొరికింది. మనం పదో తరగతిలో శ్వాసక్రియ పాఠంలో బట్టీపట్టిన ఏటీపీయే అది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనిపెట్టాడు. 1930లో సుబ్బారావు గారికి పీహెచ్‌డీ వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో లెడర్లీకి వెళ్లారు. కొద్దికాలంలోనే అక్కడి పరిశోధనంతా ఆయన చేతి కిందకి వచ్చింది. తర్వాతి ఎనిమిదేళ్లలో ఆ ల్యాబ్ నుంచి వచ్చినవి లెక్కపెడితే, అవన్నీ మా ఇంట్లోనే కనిపించాయి.

మొదటిది ఫోలిక్ యాసిడ్. 1945లో ఆయన టీమ్ దాన్ని ల్యాబ్‌లో తయారుచేయగలిగింది. స్ప్రూ వల్ల వచ్చే రక్తహీనతకి అది పనిచేసింది. అంటే అన్నదమ్ములకి ఇవ్వలేకపోయిన మందు ఇరవై ఏళ్లు దాటాక ఆయన ల్యాబ్‌లోనే తయారైంది. రెండోది, ఫోలిక్ యాసిడ్‌కి అడ్డుపడే మందులు. వాటిలో అమినాప్టెరిన్‌ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకి వాడితే, కొందరిలో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కి మందుతో వైద్యం అనే దారి అక్కడే తెరుచుకుంది. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి మా అమ్మమ్మ వారానికి ఒక్కరోజు వేసుకునేది అదే. మూడోది హెట్రజాన్, అంటే డీఈసీ. బోదకాలు రాకుండా చిన్నప్పుడు ఇంటింటికీ వచ్చి ఇచ్చిన మాత్రలు గుర్తున్నాయా? అవే.

నాలుగోది నా మోకాలిని కాపాడిన కుటుంబం.

అప్పటికి పెనిసిలిన్ రాజ్యం నడుస్తోంది. రెండో ప్రపంచయుద్ధంలో వేలమంది సైనికుల్ని బతికించింది. కానీ అది చంపలేని బాక్టీరియా చాలానే ఉన్నాయి. సల్ఫా మందులు, స్ట్రెప్టోమైసిన్ ఉన్నా వాటి ఇబ్బందులు వాటికి ఉన్నాయి. ఇంకో దారి కావాలి. లెడర్లీలో ఆ వెతుకులాటని సుబ్బారావు గారు బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్తకి అప్పగించారు. డగ్గర్ అప్పటికే యూనివర్సిటీ నుంచి రిటైరైపోయిన, డెబ్బై దాటిన పెద్దాయన. రకరకాల చోట్ల నుంచి మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవుల్ని ఒక్కొక్కటిగా పెంచి పరీక్షించడమే పని. మనవాళ్ల భాషలో చెప్పాలంటే బ్రూట్ ఫోర్స్ సెర్చ్. మిస్సోరీ యూనివర్సిటీ పొలంలోంచి వచ్చిన మట్టిలో బంగారు రంగులో పెరిగే ఒక జీవి దొరికింది. లాటిన్‌లో బంగారాన్ని సూచించే మాటతో దాని మందుకి ఆరియోమైసిన్ అని పేరొచ్చింది. నోటితో వేసుకోవచ్చు. పెనిసిలిన్‌కి లొంగే వాటిలో చాలావాటి మీద, లొంగని కొన్నిటి మీద కూడా పనిచేసింది. 1948 జులైలో న్యూయార్క్‌లో దాని గురించి శాస్త్రవేత్తల ముందు చెప్పారు.

కొద్దివారాలకే, 1948 ఆగస్టులో, ఆయన నిద్రలోనే గుండెపోటుతో చనిపోయారు. వయసు 53. నోబెల్ రాలేదు. ఆయన పేరు మీద ఒక ఫంగస్ జాతికి సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. 1995లో మన తపాలాశాఖ స్టాంపు వేసింది. 1994లో సూరత్‌లో ప్లేగు భయం వచ్చినప్పుడు జనం మందుల షాపుల ముందు బారులు తీరింది ఈ టెట్రాసైక్లిన్ల కోసమే. క్యూలో నిలబడినవాళ్లలో ఆయన పేరు ఎంతమందికి తెలుసో మీరే ఊహించుకోండి.

నిజాయితీగా చెప్పాలంటే, ఆయన నాలాంటి అలర్జీవాళ్ల కోసం వెతకలేదు. పెనిసిలిన్ ఆపలేని జబ్బుల కోసం వెతికారు. కానీ వేరే దారి అంటూ ఒకటి వేశాక, మొదటి దారి మూసుకుపోయినవాళ్లు కూడా దాని మీద నడుస్తారు. అదెలాగో కొంచెం చెప్తా.

పెనిసిలిన్, ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ అన్నిటి మధ్యలో నాలుగు పరమాణువుల చిన్న రింగ్ ఉంటుంది. దాని పేరు బీటా-లాక్టమ్. సెఫలోస్పోరిన్లలోనూ ఆ రింగ్ ఉంటుంది. అయినా పెనిసిలిన్ పడనివాళ్లలో ఎక్కువమందికి సెఫలోస్పోరిన్లు పడతాయి. రింగ్ పక్కన వేలాడే తోక ఒకేలా ఉన్నప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. సెఫలెక్సిన్, సెఫడ్రాక్సిల్ తోకలు అమాక్సిసిలిన్ తోకకి దగ్గరగా ఉంటాయి. అందుకే ఏది ఇవ్వొచ్చో డాక్టరే తేల్చాలి, మనం కాదు. టెట్రాసైక్లిన్ల నిర్మాణం పూర్తిగా వేరు, వరసగా నాలుగు పెద్ద రింగులు. నా ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టే ముఖం అందులో లేదు. అలాగని టెట్రాసైక్లిన్‌కి ఎవరికీ అలర్జీ రాదని కాదు, కొందరికి వస్తుంది. ప్రతి ఇన్ఫెక్షన్‌కీ అది పనికొస్తుందనీ కాదు.

ఆ రోజు డాక్టర్ నన్ను అడిగిన ప్రశ్నలు నోట్ చేసుకున్నా. ఏ మందు? వేసుకున్న ఎంతసేపటికి వచ్చింది? సరిగ్గా ఏమైంది? ఆసుపత్రిలో చేరాల్సి వచ్చిందా? ఎన్నేళ్లయింది? ఆ తర్వాత అదే కుటుంబం మందు ఎప్పుడైనా వేసుకున్నావా? నాకు అలర్జీ ఉంది అనే ఒక్క ముక్క కంటే ఈ ఆరు జవాబులు ఆయనకి చాలా ఎక్కువ పనికొచ్చాయి. ఎందుకంటే వికారం, కడుపు పాడవడం మామూలుగా అలర్జీ కాదు, సైడ్ ఎఫెక్ట్. దద్దుర్లు, పెదాలు ముఖం వాపు, ఊపిరాడకపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం వేరే సంగతి. అలాంటివి మొదలైతే ఆగి చూద్దాం అనుకోకూడదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. దానికి మొదటి మందు అడ్రినలిన్ ఇంజెక్షన్. కొన్ని రియాక్షన్లు రోజుల తర్వాత కూడా వస్తాయి. ఒంటి మీద బొబ్బలు, నోట్లో పుళ్లు, చర్మం ఊడటం కనిపిస్తే మందు ఆపి పరుగెత్తాలి.

డాక్సీసైక్లిన్ విషయంలోనూ కొన్ని చెప్పారు. గ్లాసు నిండా నీళ్లతో వేసుకుని, కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి, లేకపోతే గొంతు కింద కాలుతుంది. పాలు, ఐరన్ మాత్రలు, గ్యాస్ మందులు దానితో కలిపి వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు, మధ్యలో గ్యాప్ ఉండాలి. ఎండలో తిరిగితే చర్మం తొందరగా కమిలిపోతుంది. గర్భిణులకీ, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకీ డాక్టర్లు చాలా ఆలోచించి గానీ ఇవ్వరు. సుబ్బారావు గారి మందైనా సరే, రూమ్మేట్ డ్రాయర్‌లోంచి తీసి వేసుకునేది కాదన్నమాట. మా వాడి స్ట్రిప్ వెనక నిలువుగా ఎర్ర గీత కూడా ఉంది. డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని ఆ గీత అర్థం. ఆ రాత్రి ఇద్దరం దాన్ని డిజైన్ అనుకున్నాం.

మందుల స్ట్రిప్ మీద బ్రాండ్ పేరు ముందు వైపు మెరుస్తుంది. అసలు మందు పేరు వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఈయన జీవితం కూడా అలాగే ఉందనిపించింది. వెనక్కి తిప్పి చదివితేనే కనిపిస్తారు. నాకు ఆ అలవాటు నేర్పింది అమ్మ.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మమ్మకి ఈయన కథ చెప్పా. మన భీమవరం ఆయనేనా అని రెండుసార్లు అడిగింది. తన మందుల డబ్బా తెచ్చి ముందు పెట్టింది. మెథోట్రెక్సేట్ రోజూ వేసుకుంటే ప్రాణం మీదకి వస్తుంది, వారానికి ఒక్కసారే వేసుకోవాలి. అందుకని ఆ షీటు మీద స్కెచ్ పెన్‌తో ఆదివారం మాత్రమే అని తెలుగులో పెద్దగా రాశా. ఫోలిక్ యాసిడ్ షీటు మీద డాక్టర్ చెప్పిన రోజులు రాశా. రెండూ ఒకాయన ల్యాబ్ నుంచి వచ్చినవే అంటే ఆవిడ షీట్లు రెండూ చేత్తో తడిమి చూసింది.

నా చీటీ ఫొటో ఇప్పుడు ఫోన్ లాక్‌స్క్రీన్ మెడికల్ ఐడీలో ఉంది, కాపీ ఒకటి పర్సులో ఉంది. రూమ్మేట్‌కీ తెలుసు, వార్డెన్ సార్‌కీ తెలుసు. ఇంకో పని మిగిలింది. అలర్జీ ఉందని చెప్పుకునేవాళ్లలో పదికి తొమ్మిదిమంది సరిగ్గా పరీక్ష చేస్తే పెనిసిలిన్ వేసుకోగలుగుతారట. నాలాగా గట్టిగా వచ్చినవాళ్లలో కూడా పదేళ్లు దాటాక చాలామందికి అది పోతుందట. కానీ అది ఆసుపత్రిలో, స్పెషలిస్ట్ ముందు, అన్నీ సిద్ధంగా పెట్టుకుని తేల్చుకోవాల్సిన విషయం. సెమిస్టర్ పరీక్షలు అయిపోగానే వెళ్తున్నా. అమ్మ కూడా వస్తానంది, పాత చీటీ పట్టుకుని.